గట్టు మీద ఇల్లు: మూసీ ఒడ్డు నుంచి మన కాలువ దాకా

ఈ పోస్టు కొంచెం పెద్దది. వీలు చూసుకుని చదవండి.

కాలువలు కట్టేశాక ఒక సాయంత్రం గట్టు మీంచి ఇంటికొస్తున్నాను. మా చేలోకి ఊడ్పులకొచ్చే పెద్దావిడ తన పాక ముందు కూర్చుని పిలిచింది. "బాబుగారండీ, హైదరాబాదులో ఏటొడ్డు ఇళ్ళు కొట్టేత్తన్నారంట కదండీ. మన గట్టు మీదకి కూడా వత్తారాండీ?" అని అడిగింది. మనవడు ఫోనులో ఏదో పాత వీడియో చూపించాడంట. "నాకేం తెలుసమ్మా" అని వచ్చేశాను. వచ్చేశానే గానీ, అది సరైన జవాబు కాదని నాకే అనిపించింది. ఆవిడకి జవాబు చెప్పాలంటే మూసీ సంగతి మొదటినుంచీ తెలియాలి. అందుకని చదివాను. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదు మీద పడింది. సుమారు 15 వేలమంది చనిపోయారనీ, 19 వేల ఇళ్ళు కూలాయనీ, 80 వేలమందికి నీడ లేకుండా పోయిందనీ లెక్క చెబుతారు. అప్పటి పట్నం జనంలో అది నాలుగోవంతు దాకా ఉంటుంది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారంటారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ఇప్పటికీ ఉంది.

నిజాం ప్రభుత్వం 1909లో ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. వరద పట్నంలోకి రాకముందే పైన ఆపాలని ఆయన చెప్పారు. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, ఈసా వాగు మీద హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. ఏటికి గట్లు కట్టారు. ఒడ్డున పార్కులు, హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి వచ్చాయి. ఇప్పుడు మనం మూసీ పక్కన చూసే పెద్ద కట్టడాలు చాలావరకు ఆ వరద తర్వాత లేచినవే.

ఇందులో మనం గమనించాల్సిన ముక్క ఇంకోటుంది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అని పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేసి రోడ్లు వెడల్పు చెయ్యడం దాని పని. అదే బోర్డు ఇళ్ళు కూడా కట్టింది. మల్లేపల్లి, మొఘల్‌పుర లాంటిచోట్ల కట్టిన వరస ఇళ్ళు దాని చేతి పనే. ఇల్లు పోయిన ప్రతివాడికీ ఇల్లు దక్కిందని నేను అనను. అది రాజుగారి కాలం, కాదనడానికి పేదోడికి దారీ లేదు. కానీ తీసేసే శాఖే కట్టాలి అన్న ఆలోచన వందేళ్ళ కిందటే మన తెలుగు నేల మీద ఉంది. అది గుర్తుపెట్టుకోండి.

తర్వాత ఏమైందో మన డెల్టావాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. పైన రెండు చెరువులు వరదని ఆపేసరికి కింద ఏరు ఎండింది. ఏటిలో నీళ్ళు లేకపోతే ఏరు నేలలా కనపడుతుంది. పని కోసం పట్నం వచ్చినవాళ్ళు ఆ నేల మీద చేరారు. పట్టా స్థలం కొనే స్తోమత లేదు. పనేమో ఊరి నడిబొడ్డున, మార్కెట్లలో, ఇళ్ళల్లో. దూరంగా ఉంటే బస్సు చార్జీలకే కూలి సరిపోతుంది. చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ బస్తీలు అలా నిండాయి. కొందరు నోటరీ కాగితం మీద డబ్బు పోసి కొనుక్కున్నారు. పోనుపోను కరెంటు మీటరొచ్చింది, నల్లా వచ్చింది, ఓటుకార్డు వచ్చింది. ఇవన్నీ ఇచ్చింది ప్రభుత్వమే. తర్వాత ఆక్రమణదారులని పేరు పెట్టిందీ ప్రభుత్వమే.

అయితే ఏటివైపు న్యాయం కూడా చెప్పుకోవాలి. 2020 అక్టోబరులో ఆ బస్తీల్లోకి నీళ్ళొచ్చాయి. 2025 సెప్టెంబరులో పైనుంచి గేట్లెత్తితే మహాత్మాగాంధీ బస్టాండే మునిగింది. ఏరు తన దారి మర్చిపోదు. అక్కడ ఇళ్ళుండటం మంచిది కాదన్న మాటలో అబద్ధం లేదు.

2024లో ఏం జరిగిందంటే, తెలంగాణ ప్రభుత్వం 55 కిలోమీటర్ల పొడవున మూసీని బాగుచేస్తామంది. సెప్టెంబరు చివర్లో సర్వే జట్లు బస్తీల్లోకి దిగాయి. గోడల మీద ఎర్రరంగుతో 'ఆర్‌బీఎక్స్' అని మూడు ఇంగ్లీషు అక్షరాలు రాశారు. ఇల్లు ఏటి గర్భంలో ఉందని దానర్థం. చదువురాని ఆడమనిషి వంటచేసుకుంటూ బయటికొచ్చి చూసేసరికి తన గోడ మీద ఎర్ర రాత. అదేంటని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. గొడవలు అక్కడ మొదలయ్యాయి. డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళిస్తామని ప్రభుత్వం చెప్పింది. మూసానగర్, శంకర్‌నగర్ వాళ్ళలో కొందరు మలక్‌పేట దగ్గర కట్టిన ఇళ్ళకి వెళ్ళారు. అది పాత బస్తీకి దగ్గర. పిల్లల బడీ, పెద్దల పనీ అందుబాటులోనే ఉంటాయి. ఊరి చివరి ఇళ్ళు చూపించినచోట మాత్రం జనం తటపటాయించారు. ఇల్లు పక్కాదే, పనికెలా వెళ్ళాలి అన్నది వాళ్ళ ప్రశ్న.

ఆ అక్టోబరులోనే మంత్రులు, అధికారులు దక్షిణ కొరియా రాజధాని సియోల్ వెళ్ళి అక్కడ బాగుచేసిన ఏటినీ, చియోంగ్గేచియోన్ అనే వాగునీ చూసొచ్చారు. ఆ వాగు ఇప్పుడు అద్దంలా ఉంటుంది. 2005లో దాన్ని జనానికి తెరిచారు. దాని పాత కథ కూడా తెలుసుకోవాలి. కొరియా యుద్ధం తర్వాత నిరాశ్రయులు ఆ వాగు పక్కన గుడిసెలేసుకున్నారు. ప్రభుత్వం వాగుని కాంక్రీటుతో మూసి పైన రోడ్డేసింది. అక్కడివాళ్ళతో సహా నగరంలోని గుడిసెవాసుల్ని లక్షమందికి పైగా ఊరి బయట గ్వాంగ్జు అనేచోటికి, ఇప్పటి సియోంగ్నామ్‌కి, తరలించింది. అక్కడ మంచినీళ్ళు లేవు, పని లేదు, నగరానికి సరైన బస్సు లేదు. పైగా స్థలానికి ఒక్కసారిగా డబ్బు కట్టమన్నారు. 1971 ఆగస్టు 10న ఆ జనం తిరగబడ్డారు. ప్రభుత్వం దిగొచ్చి వాళ్ళ కోరికలు ఒప్పుకోవాల్సి వచ్చింది. అద్దంలాంటి వాగు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ఈ ముక్క కూడా నేర్చుకోవాలని నా కోరిక.

ఇక చట్టం సంగతి. ఇది మనకి పనికొచ్చేది కాబట్టి జాగ్రత్తగా చదవండి.

బొంబాయి పేవ్‌మెంటు మీద బతికేవాళ్ళ కేసులో, ఓల్గా టెల్లిస్ కేసంటారు, 1985లో సుప్రీంకోర్టు ఒక గొప్ప మాట చెప్పింది. బతుకుతెరువు తీసెయ్యడమంటే బతుకు తీసెయ్యడమే అంది. అదే తీర్పులో పేవ్‌మెంటు ఖాళీ చేయించే అధికారం కార్పొరేషన్‌కి ఉందని కూడా అంది. నోటీసివ్వాలి, వానాకాలం వెళ్ళేదాకా ఆగాలి అంది. 1976 లెక్కల్లో గుర్తింపుకార్డు దొరికినవాళ్ళకి వేరే చోటు చూపించాలంది. అంటే ఆ కార్డు దాచుకున్నవాడికి స్థలం మీద ఆశ మిగిలింది. పారేసుకున్నవాడికి లేదు.

2024 నవంబరు 13న ఇళ్ళ కూల్చివేతల మీద సుప్రీంకోర్టు ఇంకో తీర్పిచ్చింది. 15 రోజుల ముందు నోటీసు లేకుండా కూల్చొద్దంది. మనోళ్ళు చాలామంది అంతవరకే విన్నారు. రోడ్డు, ఫుట్‌పాతు, రైలుపట్టాల పక్క, నది, నీటివనరుల మీద అనుమతిలేని కట్టడాలకి ఆ రక్షణ వర్తించదని కూడా అందులోనే ఉంది. కాలువ గట్టు మీద పాక దీని కిందకొచ్చే ప్రమాదం ఉంది.

మన దగ్గర పాత చట్టం ఒకటుంది, 1905 నాటి భూ ఆక్రమణ చట్టం. మద్రాసు రోజుల్లో వచ్చి ఆంధ్రకి మిగిలింది. పోరంబోకులో ఉన్నవాడికి తహసీల్దారు నోటీసివ్వాలి, చెప్పుకునేది వినాలి, ఉత్తర్వు మీద అప్పీలుంది. ఈ చట్టం కిందే బీ మెమోలు, శివాయి జమ వచ్చాయి. గట్టు మీదవాళ్ళు కొందరు ఆ రసీదుని శిస్తు రసీదనుకుని ట్రంకుపెట్టెలో దాచుకుంటారు. నిజానికి అది జరిమానా. నేల సర్కారుదని ఒప్పుకున్నట్టు. అయినా పారేయొద్దు. ఏ సంవత్సరం నుంచి అక్కడున్నారో చెప్పే సాక్ష్యం అదే.

పేదల ఇళ్ళు క్రమబద్ధం చేసే జీవోలు కూడా వచ్చాయి. తెలంగాణలో 2014 డిసెంబరులో జీవో 58, 125 గజాల దాకా ఉచితం. మనకి 2015లో జీవో 296, 100 గజాల దాకా ఉచితం. కానీ రెండూ అభ్యంతరం లేని భూములకే. కాలువ గట్టు, చెరువు గర్భం అభ్యంతరం ఉన్నవాటిలోకి వస్తాయి. అందుకే ఊళ్ళో గ్రామకంఠం పక్కన ఉన్నవాడికి పట్టా అందినా, గట్టు మీదవాడికి అందదు.

మరి గట్టు మీదకి వాళ్ళెందుకొచ్చారండీ? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యి కాలువలొచ్చాక మన పశ్చిమ డెల్టాలో 5 లక్షల ఎకరాలకి పైగా మాగాణి అయ్యింది. మాగాణి అంటే ఊడ్పులు, కోతలు, కుప్పనూర్పిళ్ళు. అన్నిటికీ మనుషులు కావాలి. చుట్టూ ఎటు చూసినా చేలే. సెంటు నేల కొనలేని కూలివాడికి నీళ్ళు ఎక్కని ఎత్తుచోటు ఏదంటే కాలువ గట్టే. మన చేనికి దగ్గరగా ఉంటారని మనమూ వద్దనలేదు. కొన్నిచోట్ల మనమే వేసుకోమన్నాం. ఇప్పుడు వరికోత మిషన్లొచ్చాయి, మనకి వాళ్ళ అవసరం తగ్గింది. గట్టు మీద పాకలు కంటికి అడ్డంగా కనపడటం అప్పుడే మొదలైంది.

ఇంకో మాట చెబితే కొందరికి కోపమొస్తుంది, అయినా చెబుతాను. ఆవిడ గట్టు మీద రెండు సెంట్లలో ఉంది. డ్రెయిను పక్క చేలున్న మనలో ఎంతమంది ఏటేటా గట్టు చెక్కి మూరెడు మూరెడు లోపలికి జరగలేదు? బండ్లు తిరిగిన పుంతలు ఇప్పుడు ఎంత వెడల్పున్నాయి? సార్వా నాట్లు మునిగినప్పుడు గుర్రపుడెక్కని తిడతాం, చేపల చెరువులవాళ్ళని తిడతాం. మన గట్టు ఎక్కడుండాలో పాత సర్వే రాయి దగ్గరికెళ్ళి చూడం. మనది ఆక్రమణే, కాకపోతే దాని మీద వరి పండుతుంది, ఎర్రరంగు వెయ్యడానికి గోడ ఉండదు. నీళ్ళకి దారి ఇవ్వాలన్న నియమం పెడితే అది పాకకీ చేనుకీ ఒక్కలాగే ఉండాలి.

చరిత్ర చూశాక నాకు తేలిందిదండీ. ఏటి దారిలోంచి, కాలువ గట్టు మీంచి మనుషుల్ని కదపాల్సిన రోజు రావచ్చు. 1908 చూసినవాళ్ళెవరూ దాన్ని కాదనలేరు. కానీ ముందు చోటు చూపించాలి, తర్వాత పాక పీకాలి. ఆ చోటు నడిచి పనికెళ్ళేంత దగ్గరుండాలి. మలక్‌పేటలో వెళ్ళడానికి ఒప్పుకున్నదీ, గ్వాంగ్జులో తిరగబడిందీ ఇలాంటి పేదోళ్ళే. తేడా అంతా దూరంలోనూ పనిలోనూ ఉంది. మన ఊరి గట్టు మీదవాళ్ళకి ఊరి పక్కనే రెండేసి సెంట్లు చూపించడం గ్రామసభలో తీర్మానం పెట్టి అడగగలిగిన పని. ఆ తీర్మానానికి చెయ్యెత్తాల్సింది మనమే.

మొన్న మళ్ళీ ఆవిడ దగ్గరికెళ్ళాను. "వస్తారో రారో చెప్పలేనమ్మా. వస్తే మాత్రం గట్టు మీద పట్టా ఉండదు కాబట్టి కాగితాలే దిక్కు" అన్నాను. కరెంటు బిల్లులు, రేషన్‌కార్డు, బీ మెమో రసీదులు అన్నీ ఒక సంచిలో పెట్టించాను. పాత రసీదు ఒకటి 1989ది దొరికింది. అంచులు చెదలు తిన్నాయి గానీ సంవత్సరం కనపడుతోంది. అన్నీ ఫోటో తీసి మనవడి ఫోనులోనూ నా ఫోనులోనూ ఉంచాం. "ఇంతేనాండీ?" అంది. ఇంతేనమ్మా ప్రస్తుతానికి అన్నాను.

మీ ఊరి గట్టు మీద కూడా ఇలాంటివాళ్ళు ఉంటారు. కాలువలకి నీళ్ళొదిలేలోపు ఒకసారి వెళ్ళి ఆ సంచి సంగతి కనుక్కోండి. వచ్చేటప్పుడు మీ చేను గట్టు, సర్వే రాయి ఎక్కడున్నాయో కూడా ఒకసారి చూసుకోండి. ఉంటానండి.