డేటాకి దారి ఎవరు వెతకాలి? 1970 నాటి గొడవ, నా లూప్ కథ

ఈరోజు ఎపిసోడ్ నేను తిన్న తిట్లతో మొదలవుతుంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, ఆర్డర్ల లిస్ట్ చూపించే పేజీ ఒకటి రాశాను. నా ల్యాప్‌టాప్‌లో టెస్ట్ డేటా ఇరవై వరుసలే కాబట్టి టక్కున వచ్చేసేది. ప్రొడక్షన్‌కి వెళ్లాక, నెలాఖరు రోజు పేజీ తెరుచుకోలేదు. మా టీమ్‌లో సీనియర్ అన్న లాగ్ తీసి చూపించాడు. ఒక్క పేజీకి రెండు వేల పైచిలుకు క్వెరీలు! "ఇందులో నువ్వు రాసినవి ఎన్ని?" అన్నాడు. నిజం చెప్పాలంటే ఒక్కటీ రాయలేదు. నేను రాసింది జావాలో ఒక ఫర్ లూప్, అంతే. క్వెరీలన్నీ ఓఆర్ఎమ్ తయారుచేసింది.

ఈ తప్పుకి నాకంటే చాలా పెద్ద వయసుంది. అదే ఈరోజు చరిత్ర.

1960ల్లో అపోలో ప్రోగ్రామ్ నడుస్తోంది. చంద్రుడి మీదికి వెళ్లే రాకెట్‌కి బోలెడన్ని విడిభాగాలు, ఏది దేనిలో భాగమో లెక్క ఉండాలి. దానికోసం ఐబీఎమ్, రాక్‌వెల్ వాళ్లతో కలిసి చేసిందే ఐఎమ్ఎస్. 1968 ఆగస్టు 14న కాలిఫోర్నియాలోని డౌనీలో టెర్మినల్ మీద మొదటిసారి "రెడీ" అని పడింది. అందులో డేటా చెట్టులా ఉంటుంది, పైన పెద్ద భాగం, దాని కింద చిన్నది, దాని కింద ఇంకా చిన్నది. ప్రోగ్రామర్ పనేంటంటే, ఈ రికార్డు పట్టుకో, తర్వాతది ఇవ్వు, దీని పిల్లల్లో తర్వాతది ఇవ్వు... ఇలా ఒక్కో అడుగు తనే వేయాలి.

ఊళ్లో అడ్రస్ చెప్పినట్టు అనుకోండి. వేపచెట్టు దగ్గర ఎడమకి తిరుగు, మూడో ఇల్లు. బాగానే ఉంది. రేపు ఎవరో చెట్టు కొట్టేస్తే? డేటా అమరిక మార్చిన ప్రతిసారీ ప్రోగ్రాములు అలా దారి తప్పేవి.

ఐబీఎమ్‌లోనే, శాన్ హోసే ల్యాబ్‌లో పనిచేసే ఎడ్గర్ కాడ్ 1970 జూన్‌లో ఒక పేపర్ వేశాడు. విడిభాగాలు, ప్రాజెక్టులు అనే ఒకే సమాచారాన్ని ఐదు రకాల అమరికల్లో చూపించి, ఒక అమరికకి రాసిన ప్రోగ్రామ్ ఇంకోదాంట్లో ఎలా బోల్తా పడుతుందో వివరించాడు. ఆయన వాదన సింపుల్. మీకు ఏం కావాలో చెప్పండి, ఎలా తేవాలో డేటాబేస్ చూసుకుంటుంది. డేటా మొత్తం టేబుళ్లే. వాటి మధ్య సంబంధం విలువల్లో ఉంటుంది, దారుల్లో కాదు.

అవతలి పక్షం చార్లెస్ బాక్‌మన్. ఆయన్ని విలన్ చేయకండి, ప్లీజ్. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఐడీఎస్ కట్టిన మనిషి, 1973లో ట్యూరింగ్ అవార్డు తీసుకుని ఇచ్చిన ఉపన్యాసంలో ప్రోగ్రామర్‌ని నావిగేటర్‌తో పోల్చాడు. మెషిన్లు నెమ్మదిగా ఉన్న ఆ రోజుల్లో, దారి తెలిసిన మనిషే వేగంగా వెళ్తాడన్నది సమంజసమైన మాటే. 1974లో మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో రెండు పక్షాలూ ఎదురెదురుగా వాదించుకున్నాయి. తమాషా ఏంటంటే, రెండో ప్రపంచ యుద్ధంలో నిజంగా విమానం నడిపినవాడు కాడ్. ప్రోగ్రామర్ దారి వెతకొద్దు అన్నదీ ఆయనే!

వాదనని గెలిపించింది మాత్రం ఆప్టిమైజర్ అని నా అభిప్రాయం. ఐబీఎమ్ సిస్టమ్ ఆర్ ప్రాజెక్టులో ఛాంబర్లిన్, బాయిస్ సీక్వెల్ భాషని తయారుచేశారు, అదే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. కానీ భాష ఒక్కటే సరిపోదు కదా. మనం అడిగినదాన్ని తేవడానికి పది దారులుంటే, ఏది చవకో ఎవరు తేల్చాలి? 1979లో పాట్ సెలింజర్ బృందం దానికి జవాబు ప్రచురించింది. టేబుల్ ఎంత పెద్దది, ఇండెక్స్ ఉందా, డిస్క్ నుంచి ఎన్ని పేజీలు చదవాలి అని లెక్కకట్టి, ఖర్చు తక్కువ ఉన్న దారిని మెషినే ఎంచుకుంటుంది. అదే ఏడాది ఒరాకిల్ తన ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ని మార్కెట్లోకి తెచ్చింది. ఆలోచన పుట్టిన ఐబీఎమ్ నుంచి డీబీ2 వచ్చేసరికి 1983.

ఇక 1990లు. అందరూ ఆబ్జెక్టుల్లో ఆలోచించడం మొదలుపెట్టారు. 1997లో జేడీబీసీ వచ్చింది, 2001లో హైబర్నేట్ మొదలైంది. వరుసల్ని ఆబ్జెక్టులుగా మార్చే విసుగు పని తప్పింది, అది చిన్న మేలు కాదు. కానీ గమనించండి. ఆర్డర్ నుంచి కస్టమర్‌కి, కస్టమర్ నుంచి అడ్రస్‌కి చుక్కలు పెట్టుకుంటూ వెళ్తున్నాం. మళ్లీ వేపచెట్టు దగ్గర ఎడమకి! బాక్‌మన్ నావిగేటర్ కనీసం తను నడుస్తున్నానని తెలిసి నడిచాడు. నేను తెలియకుండా నడిచాను. ఒక్కో చుక్క వెనకాల నెట్‌వర్క్ మీద ఒక్కో క్వెరీ పోయింది. పాపం ఆప్టిమైజర్ ఏం చేస్తుంది? దానికి నా పూర్తి ప్రశ్న ఎప్పుడూ కనిపించలేదు, రెండు వేల ముక్కలు కనిపించాయి.

మరుసటి రోజు ఓఆర్ఎమ్‌ని ఏం పీకేయలేదు. లూప్ తీసేసి, ఆ ఒక్క పేజీకి మూడు టేబుళ్లు కలిపే జాయిన్ నేనే రాశాను. లాగ్‌లో ఒకే క్వెరీ. గర్వంగా అన్నకి చూపిస్తే, స్క్రీన్ వైపు చూసి "కస్టమర్ ఐడీ మీద ఇండెక్స్ ఉందా?" అన్నాడు.

లేదు. ఆ కథ వచ్చే ఎపిసోడ్‌లో.