అలాట్‌మెంట్ తోటల సంఘాలు (బ్రిటన్)

బ్రిటన్‌లో పెరడు లేని కుటుంబాలు ఊరి అంచున చిన్న నేల చెక్కను కౌలుకు తీసుకుని, ఇంటికి కావలసిన కూరగాయలు, పళ్లు పండించుకునే ఏర్పాటును అలాట్‌మెంట్ అంటారు. మాటకు అర్థం కేటాయింపు. నేల ఎక్కువగా స్థానిక కౌన్సిల్‌ది, సాగు కుటుంబానిది. ఆ రెంటి నడుమ కౌలు వసూలు చేసి, ఖాళీ అయిన మడిని కొత్తవారికి అప్పగించి, నీళ్లూ కంచే దారులూ చూసుకునేది చాలాచోట్ల సాగుదారులే పెట్టుకున్న సంఘం. మడి కొలతను ఇప్పటికీ పాత లెక్కలోనే చెబుతారు: పది రాడ్లు. రాడ్ అంటే ఐదున్నర గజాలు. ఆ లెక్కన పది చదరపు రాడ్లు 302.5 చదరపు గజాలు, అంటే సుమారు 253 చదరపు మీటర్లు. తెలుగు పట్టణాల్లో 300 గజాల ఇంటి స్థలం ఎంతో ఇదీ అంతే. బాగా పండితే నలుగురున్న ఇంటికి ఏడాదిలో చాలా నెలలు కూరగాయలు కొనే పని ఉండదు.

పుట్టుక

పద్దెనిమిదో శతాబ్దం మధ్య నుంచి వందేళ్ల పాటు ఇంగ్లండ్ పార్లమెంటు వేలకొద్దీ చట్టాలు చేసి ఊరుమ్మడి భూములకు కంచెలు వేయించింది. ఆవును మేపుకునే బయలు, కట్టెపుల్లలు ఏరుకునే చిట్టడవి ఒకరి పట్టా భూములయ్యాయి. పోరంబోకు మీద ఆధారపడి బతికే పేదలకు ఆ నేల పోతే ఏమవుతుందో తెలుగు పల్లెలకు చెప్పనక్కర్లేదు. ఇంగ్లండ్ కూలీకి మిగిలింది దినకూలీ, అదీ చాలనప్పుడు పారిష్ (చర్చి పరిధిలోని ఊరు) పెట్టే ధర్మం. పారిష్ పన్ను కట్టే భూస్వాములకు ఆ ధర్మం భారమైంది. కూలీకి కాస్త నేల ఇస్తే తన తిండి తానే పండించుకుంటాడన్న ఆలోచన అలా వచ్చింది. విల్ట్‌షైర్‌లోని గ్రేట్ సోమర్‌ఫర్డ్‌లో స్టీఫెన్ డెమెయిన్‌బ్రే అనే మతాధికారి చొరవతో 1809లో పేదల కోసం వదిలిన తోటలు ఈ కోవలో తొలినాటివి.

1830లో దక్షిణ ఇంగ్లండ్ కూలీలు ‘కెప్టెన్ స్వింగ్’ అనే కల్పిత నాయకుడి పేర బెదిరింపు ఉత్తరాలు రాసి, నూర్పిడి యంత్రాలు పగలగొట్టి, గడ్డివాములు తగలబెట్టారు. ఆ తర్వాత తోటలిచ్చే భూస్వాముల సంఖ్య పెరిగింది. దయతోబాటు భయమూ ఇందులో ఉందని ఆనాటి నిబంధనలే చెబుతాయి. చాలాచోట్ల ఆదివారం మడిలో అడుగుపెట్టకూడదు, చర్చికి వెళ్లాలి, నేరం రుజువైతే మడి పోతుంది. నాగలి పెట్టకూడదు, పారతోనే తవ్వాలి. కూలీ తన మడిలో ఒళ్లు అలిసేలా పనిచేసి తమ పొలంలో కునుకు తీస్తాడని పెద్ద రైతులు అడ్డుచెప్పేవారు. దీనికి పూర్తి వ్యతిరేక దిక్కు నుంచి అర్థశాస్త్రవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1848లో వేరే అభ్యంతరం చెప్పాడు: చాలీచాలని కూలిని పెంచకుండా, ఆ లోటును కూలీ చేతే అదనపు చాకిరీతో పూడ్పించే ఉపాయం ఇది అని. ఆ విమర్శకు గట్టి జవాబు ఎవరూ ఇవ్వలేదనే చెప్పాలి.

1845 నాటి సాధారణ కంచె చట్టం భూమిలేని పేదలకు తోటల కోసం కొంత నేల విడిచిపెట్టాలని చెప్పింది. ఆ చట్టం కింద దాదాపు 6,15,000 ఎకరాలకు కంచె పడితే పేదల తోటలకు దక్కింది సుమారు 2,200 ఎకరాలు. వందకు అర ఎకరం కూడా కాదు. తీసుకున్నది కొండంత, ఇచ్చింది గోరంత.

ఓటుతో వచ్చిన చట్టాలు

పరిస్థితిని మార్చింది ఓటు. 1872లో జోసెఫ్ ఆర్చ్ వ్యవసాయ కూలీల జాతీయ యూనియన్‌ను కట్టాడు. 1884 సంస్కరణతో గ్రామీణ కూలీల్లో చాలామందికి ఓటుహక్కు వచ్చింది. ఆ మరుసటి ఏడు ఎన్నికల్లో ‘మూడెకరాలు, ఒక ఆవు’ అన్న నినాదం ఊరూరా తిరిగింది. దాన్ని మోసిన జెస్సీ కాలింగ్స్ 1886 జనవరిలో పార్లమెంటులో పెట్టిన సవరణ నెగ్గి, ప్రధాని సాల్జ్‌బరీ ప్రభుత్వం పడిపోయింది. కూరగాయల మడి ఒక మంత్రివర్గాన్ని దించిందంటే అతిశయోక్తి కొంతే. 1887లో అలాట్‌మెంట్ల చట్టం వచ్చింది. స్థానిక సంస్థలు తప్పించుకోవడానికి అందులో సందులు ఎక్కువ.

ఈనాటి వ్యవస్థకు పునాది 1908 నాటి చిన్న కమతాలు, అలాట్‌మెంట్ల చట్టం. దాని 23వ సెక్షన్ ప్రకారం గిరాకీ ఉన్నచోట తోటలకు నేల సమకూర్చడం కౌన్సిల్ విధి. ఓటర్లు గానీ పన్ను కట్టేవారు గానీ ఆరుగురు కలిసి అర్జీ ఇస్తే కౌన్సిల్ దాన్ని పరిశీలించి తీరాలి. ఈ చట్టం కూడా తోటలు ‘శ్రామిక జనం’ కోసమే అంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల్ని దృష్టిలో పెట్టుకుని 1919లో ఆ మాట తీసేశారు. దాంతో గుమాస్తాకూ బడిపంతులుకూ కూడా దారి తెరుచుకుంది. 1922 చట్టం అలాట్‌మెంట్ తోటకు నిర్వచనం ఇచ్చింది: 40 పోళ్లకు (రాడ్‌కే పోల్ అని మరో పేరు) మించనిది, సాగుదారు తనకూ తన కుటుంబానికీ తినడానికి ముఖ్యంగా కూరగాయలు, పళ్లు పండించేది. ఖాళీ చేయించే నోటీసు గడువు ఏప్రిల్ 6 లోపు గానీ, సెప్టెంబరు 29 తర్వాత గానీ ముగియాలని కూడా ఆ చట్టమే చెప్పింది. పంట నేల మీద ఉండగా రైతును వెళ్లగొట్టకూడదన్నది దీని ఉద్దేశం. 1925 చట్టం అలాట్‌మెంట్ల కోసమే కొన్న నేలను మంత్రి అనుమతి లేకుండా అమ్మరాదని కట్టడి చేసింది. 1950లో నోటీసు వ్యవధి ఆరు నెలల నుంచి పన్నెండుకు పెరిగింది.

రెండు యుద్ధాలు, తర్వాతి క్షీణత

జర్మన్ జలాంతర్గాములు ఆహార నౌకల్ని ముంచుతుంటే 1916 చివర ప్రభుత్వం ఖాళీ నేలల్ని సాగుకు స్వాధీనం చేసుకునే అధికారం కౌన్సిళ్లకిచ్చింది. యుద్ధానికి ముందు ఆరు లక్షల దాకా ఉన్న మళ్లు 1918కి 15 లక్షలకు చేరాయి. సంఘాలు నిజంగా బలపడింది అప్పుడే. విత్తన దుంపలు, సున్నం, ఎరువు ఒక్కడు కొంటే ఒక ధర, వందమంది కలిసి కొంటే ఇంకో ధర అన్న సంగతి అందరికీ అనుభవంలోకి వచ్చింది. 1926 బొగ్గు గని సమ్మెతో దక్షిణ వేల్స్ ఇళ్లలో పొయ్యి రాజనప్పుడు క్వేకర్ మతస్థులు విత్తనాలు, పనిముట్లు సమకూర్చారు. తర్వాతి నిరుద్యోగ కాలంలో ఆ పథకం ఇతర ప్రాంతాలకూ పాకింది. విడివిడిగా ఉన్న సంస్థలు 1930లో జాతీయ అలాట్‌మెంట్ సంఘంగా ఒకే గొడుగు కిందికి వచ్చాయి.

రెండో యుద్ధంలో ‘విజయం కోసం తవ్వండి’ అన్న ప్రచారంతో మళ్ల సంఖ్య మళ్లీ 14 లక్షలకు పెరిగింది. లండన్ కోట చుట్టూ ఉన్న కందకంలో కూడా కూరగాయలు వేశారు. శాంతి వచ్చాక ఇళ్లకు నేల కావలసివచ్చింది, కూరగాయలు దుకాణంలో చవకయ్యాయి, తుప్పుపట్టిన రేకుల షెడ్లతో తోటలు పేదరికానికి గుర్తుగా కనిపించసాగాయి. 1965లో తోటలపై విచారణకు ప్రభుత్వం నియమించిన కమిటీకి బర్మింగ్‌హామ్ ప్రొఫెసర్ హారీ థార్ప్ అధ్యక్షుడు. 1969 నివేదికలో ఆయన తోటల పేరునే ‘విశ్రాంతి తోటలు’గా మార్చి, యూరప్ పద్ధతిలో చక్కని కుటీరాలు, పూలమొక్కలు, పిల్లలకు చోటు ఉండాలన్నాడు. సిఫార్సుల్లో చాలావరకు అల్మరాలోనే ఉండిపోయాయి. 1990ల చివరికి మళ్లు మూడు లక్షలకు పడిపోయాయి.

సంఘం నడిచే తీరు

సంఘాల్లో రెండు రకాలు. మొదటి దానిలో కౌన్సిలే యజమాని, సంఘం మాట సాయానికే. రెండో దానిలో కౌన్సిల్ తోట మొత్తాన్ని సంఘానికి లీజుకిచ్చి తప్పుకుంటుంది. కౌలు వసూలు నుంచి కంచె మరమ్మతు దాకా సంఘమే చూసుకుంటుంది. సిబ్బంది జీతాలు మిగులుతాయి కనుక కౌన్సిళ్లకు ఈ పద్ధతి ఇష్టం. తాళంచెవి తమ చేతిలో ఉంటుంది కనుక సంఘాలకూ ఇష్టమే, మొదటి నీళ్ల బిల్లు వచ్చేదాకా. రిజిస్టరు కాని సంఘానికి చట్టం దృష్టిలో విడిగా అస్తిత్వం లేదు. లీజు మీద ట్రస్టీలు సొంత పేర్లతో సంతకం చేయాలి, అప్పు మిగిలితే ఆ భారమూ వాళ్ల మీదే పడవచ్చు. అందుకే చాలా సంఘాలు సహకార సంఘాల చట్టం కింద నమోదు చేసుకుంటాయి. ఇప్పుడు అమల్లో ఉన్నది 2014 నాటి చట్టం.

ఏటా జరిగే సర్వసభ్య సమావేశం అధ్యక్షుణ్ణి, కార్యదర్శిని, కోశాధికారిని ఎన్నుకుంటుంది. కౌలు పెంచుతారన్న మాట వస్తే తప్ప ఆ సమావేశానికి జనం పెద్దగా రారు. జీతం లేని ఈ పదవుల్లో బరువైనది కార్యదర్శి పదవి. నిరీక్షణ జాబితా, ఒప్పందాలు, ఉత్తరాలు, తగువులు అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. జాబితాను వరుస తప్పించి నడిపారన్న అనుమానం ఒక్కసారి పుడితే సంఘం రెండు ముఠాలవుతుంది. అందువల్ల మడిని వారసత్వంగా ఇవ్వడానికి చాలా ఒప్పందాలు ఒప్పుకోవు. పక్కనే ఏళ్ల తరబడి పనిచేసిన భార్యకో భర్తకో మాత్రం కొనసాగింపు ఇస్తారు.

కార్యదర్శికి తలనొప్పి తెచ్చేది సాగుచేయని మడి. మడిలో ముప్పాతిక భాగం సాగులో ఉండాలన్న నియమం చాలాచోట్ల కనిపిస్తుంది. వేసవిలో కమిటీ వాళ్లు వరుసలెంట నడిచి చూస్తారు. బైండ్‌వీడ్ తీగ ఒక మడిలో పాతుకుంటే దాని వేళ్లు గట్టు దాటి పక్క మడిలో తేలతాయి కనుక ఒకరి బద్ధకం ఒకరితో ఆగదు. మొదట పలకరింపు, తర్వాత ఉత్తరం, ఆ తర్వాత నోటీసు. కౌలు 40 రోజులు దాటి బాకీపడినా, ఒప్పందం మొదలై మూడు నెలలయ్యాక నియమాలు పాటించలేదని తేలినా, నెల రోజుల నోటీసుతో కౌలు రద్దు చేయవచ్చని 1908 చట్టం చెబుతుంది. జబ్బు చేసినవారికీ ఇంట్లో చావు జరిగినవారికీ నోటీసు పంపకుండా ఇరుగుపొరుగు చేతే రెండు వరుసలు తవ్వించే కార్యదర్శిదే మంచి పేరు.

ఖర్చుల్లో పెద్దది తరచుగా నీళ్లే. కుళాయి కింద తొట్లు పెట్టి, డబ్బాలతో ముంచుకుని పోయాలంటారు. రబ్బరు గొట్టం పెట్టి వదిలేయడాన్ని చాలా సంఘాలు నిషేధిస్తాయి. చలికాలంలో పైపులు గడ్డకట్టి పగలకుండా నీటిని కట్టేస్తారు. మంటలు వేయడానికి కొన్ని నెలలే అనుమతి. 1950 చట్టం వ్యాపారానికి కాకుండా కోడిపెట్టల్ని, కుందేళ్లను పెంచుకోనిచ్చింది. పుంజులకు ఆ మినహాయింపు లేదు.

సంఘం గుడిసె దుకాణంలో విత్తనాలు, సున్నం, వెదురు కర్రలు అమ్ముతారు. అది చాలాచోట్ల తెరిచేది ఆదివారం పొద్దున. నూటయాభై ఏళ్ల కిందట మడిలో కాలు పెట్టనివ్వని రోజే ఇప్పుడు తోటలో సందడి రోజు. ఎండలు తగ్గే వేళకు పంటల పోటీ ఉంటుంది. ఈశాన్య ఇంగ్లండ్ గని పల్లెల్లో లీక్ అనే ఉల్లిజాతి మొక్కకు జరిగే పోటీలు పేరుపడ్డవి. ఎరువులో ఏమేం కలుపుతారో అక్కడ తండ్రి కొడుక్కు తప్ప పైవాళ్లకు చెప్పడని వాడుక.

నేల భద్రత

అన్ని తోటలకూ చట్టం అండ ఒకేలా ఉండదు. అలాట్‌మెంట్ల కోసమే సేకరించిన నేలకు 1925 నాటి రక్షణ ఉంది. శ్మశానం విస్తరణకో మరి దేనికో ఉంచి, ఈలోగా తోటలకిచ్చిన నేల ‘తాత్కాలికం’. యాభై ఏళ్లు సాగుచేసినా అది తాత్కాలికమే. అందుకే సంఘాలు మొట్టమొదట వెతికి పెట్టుకోవలసింది కౌన్సిల్ ఆ నేలను ఏ పేరుతో కొన్నదో చెప్పే పాత కాగితం. లండన్ నడిబొడ్డు బరోలకు (స్థానిక పాలనా విభాగాలకు) 1908 చట్టం 23వ సెక్షన్ విధి లేదు. 1963 చట్టం దాన్ని తీసేసింది. లండన్ తూర్పున మేనర్ గార్డెన్ తోటలను ఆర్థర్ విలియర్స్ అనే బ్యాంకరు స్థానికుల కోసం ఏర్పరిచాడు. 2012 ఒలింపిక్ పార్కు కోసం 2007లో వాటిని ఖాళీ చేయించారు. నాటింగ్‌హామ్‌లోని సెంట్ ఆన్స్ తోటలు, సుమారు 75 ఎకరాలు, వారసత్వ కట్టడాల తరహాలో రక్షిత జాబితాకెక్కి నిలిచాయి. 2011లో ప్రభుత్వం కౌన్సిళ్ల విధులన్నిటినీ సమీక్షకు పెడితే 23వ సెక్షన్ కూడా ఆ చిట్టాలో కనిపించి గగ్గోలు పుట్టింది. దాన్ని తీసేయబోమని ప్రభుత్వం చెప్పుకోవలసి వచ్చింది.

ఇతర దేశాలు, ఇప్పటి స్థితి

జర్మనీలో ఈ తోటలకు ష్రేబర్ తోటలని పేరు. లైప్‌జిగ్ వైద్యుడు మోరిట్జ్ ష్రేబర్ వాటిని పెట్టలేదు. ఆయన పోయాక 1864లో బడిపెద్ద హౌషిల్డ్ స్థాపించిన సంఘానికి ఆయన పేరు పెట్టారు. అది పిల్లల ఆటస్థలంగా మొదలైంది. పక్కన వేసిన మళ్లు పిల్లలకు విసుగు పుట్టాక పెద్దల చేతికొచ్చి తోటలయ్యాయి. 1983 నాటి జర్మన్ చట్టం మడిని 400 చదరపు మీటర్లు, కుటీరాన్ని 24 చదరపు మీటర్లు మించనివ్వదు.

బ్రిటన్‌లో 2000 తర్వాత గిరాకీ తిరిగి పెరిగింది. కొన్ని లండన్ బరోల్లో వంతు రావడానికి దశాబ్దాలు పడుతుందని పత్రికలు రాశాయి. ఆ ఒత్తిడికి చాలా సంఘాలు ఖాళీ అయిన పది రాడ్ల మడిని రెండుగా చీల్చి ఐదేసి రాడ్లు, అంటే 151 గజాల చొప్పున ఇస్తున్నాయి. లెస్టర్, బర్మింగ్‌హామ్ తోటల్లో భారత ఉపఖండం నుంచి వచ్చిన కుటుంబాలు మెంతికూర, కొత్తిమీర ఆరుబయటే వేస్తాయి. చలికి తాళలేని సొరపాదును ప్లాస్టిక్ పందిరి కింద ఎక్కిస్తాయి. ఆ పందిరి ఎత్తు ఎంతవరకు ఉండవచ్చన్నది సంఘాల నియమావళిలోకి కొత్తగా వచ్చి చేరిన అంశం.