అక్రిలిక్ గోళ్లు: కొత్తగా నేర్చుకునేవారు పాటించాల్సిన పద్ధతి, జాగ్రత్తలు

బీజాపూర్ (ఛత్తీస్‌గఢ్): అతికించిన అక్రిలిక్ గోరు వారం తిరగకుండానే లేచిపోయినా, దాని కింద అసలు గోరు పచ్చబడినా, వేలి చుట్టూ దురద మొదలైనా లోపం చాలావరకు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి, గోటిని సిద్ధం చేసిన తీరు. రెండు, వాడిన ద్రవం. అలంకరణ మెరుగులు ఆ తర్వాతి సంగతి. అందుకే ఈ పని నేర్చుకునేవారు మొదట సాధన చేయవలసింది రంగులు, డిజైన్లు కాదు. గోటిని శుభ్రం చేయడం, సరైన ద్రవాన్ని గుర్తించడం, ఆ ద్రవం చర్మాన్ని తాకకుండా పరచడం.

2007లో దంతెవాడ నుంచి విడిపోయి ఏర్పడిన బీజాపూర్ జిల్లాకు ఈ జాగ్రత్తలు మరింత అవసరం. గోదావరికి ఇవతల తెలంగాణ, అవతల బస్తర్ అడవులు ఉన్న ఈ సరిహద్దు ప్రాంతంలో గోండి, దోర్లీ, హల్బీతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. ఇక్కడి చేతులు పని చేసే చేతులు. వేసవిలో ఇప్పపూలు, తునికాకు ఏరడం, వానకాలంలో వరినాట్లు, చలికాలం చివర తెలంగాణ మిరప తోటలకు కూలికి వెళ్లడం ఇక్కడ ఏటా కనిపించే దృశ్యాలు. నగరంలో పెళ్లికూతురికి వేసే పొడవాటి గోరు ఈ చేతులకు యథాతథంగా సరిపోదు.

అక్రిలిక్ గోరు అంటే ఏమిటి?

ద్రవం, పొడి కలిసి గట్టిపడే ప్లాస్టిక్ పొర ఇది. ద్రవాన్ని మోనోమర్ అని, పొడిని పాలిమర్ అని పిలుస్తారు. పొడిలో బెంజాయిల్ పెరాక్సైడ్ అనే పదార్థం స్వల్పంగా ఉంటుంది. ద్రవం తగలగానే అది రసాయన చర్యను ప్రారంభిస్తుంది. విడివిడి అణువులు గొలుసులుగా ముడిపడి కొద్ది నిమిషాల్లో గట్టిపడతాయి. జెల్ గోళ్ల మాదిరిగా దీనికి దీపపు కాంతి అవసరం లేదు. పైకి గట్టిపడినట్లు కనిపించినా చర్య పూర్తి కావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

ఈ పదార్థం దంతవైద్యం నుంచి వచ్చింది. 1950వ దశకంలో అమెరికాకు చెందిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ స్లాక్, విరిగిన తన గోటిని పళ్లకు వాడే అక్రిలిక్‌తో సరిచేసుకోవడంతో దీనికి బాట పడిందని చెబుతారు.

ఏ ద్రవం కొనాలి?

మార్కెట్లో రెండు రకాల ద్రవాలు దొరుకుతాయి. ఇథైల్ మెథాక్రిలేట్, అంటే ఈఎంఏ, గోళ్ల పనికి తగినది. మిథైల్ మెథాక్రిలేట్, అంటే ఎంఎంఏ, చవక, గోళ్లకు వాడకూడనిది. ఎంఎంఏ గోరు అతిగా గట్టిపడుతుంది. ఎక్కడైనా తగిలి వంగితే పైపొర విరగదు, అసలు గోరే వేళ్ల నుంచి చీలి వస్తుంది. గాయాలపై ఫిర్యాదులు రావడంతో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1974లో కోర్టు ద్వారా నూరు శాతం ఎంఎంఏ ద్రవం అమ్మకాన్ని అడ్డుకుంది.

సీసాపై పేరు లేకపోయినా కొన్ని గుర్తులు ఉన్నాయి. ఘాటైన, అసాధారణమైన వాసన. ఇతర ద్రవాల ధరలో చిన్న వంతుకే దొరకడం. ఫైల్‌తో రుద్దితే తేలికగా అరగకపోవడం. అసిటోన్‌లో గంటసేపు నానినా కరగకపోవడం అనుమానించవలసిన లక్షణాలు. భారత్‌లో సౌందర్య సాధనాలు కాస్మెటిక్స్ రూల్స్-2020 పరిధిలోకి వస్తాయి. తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, పదార్థాల జాబితా, గడువు తేదీ లేని సీసాను, విడిగా కొలిచి పోసిన ద్రవాన్ని కొనకపోవడమే మేలు.

ఎవరికి వేయకూడదు?

పనికి ముందు పది గోళ్లనూ వెలుతురులో పరిశీలించాలి. గోరుచుట్టు, పుండు, చీము, శిలీంధ్ర వ్యాధి, పచ్చని లేదా నల్లని మచ్చ, వేలి నుంచి విడిపోయిన గోరు ఉంటే పని ఆపి వైద్యుడి వద్దకు పంపాలి. గతంలో కృత్రిమ గోళ్లు వేసుకున్నప్పుడు దురద, పొక్కులు వచ్చినవారికి మళ్లీ వేయకూడదు. అక్రిలేట్ అలర్జీ ఒకసారి వస్తే జీవితాంతం ఉండే అవకాశం ఉంది. పళ్లు నింపే పదార్థాల్లో, కీళ్ల మార్పిడిలో వాడే సిమెంటులో కూడా ఇదే కుటుంబానికి చెందిన రసాయనాలు ఉంటాయి. కాబట్టి నేడు వేలికి వచ్చిన అలర్జీ రేపటి చికిత్సకు అడ్డంకి కాగలదు. ఈ ముప్పుపై బ్రిటన్ చర్మవైద్యుల సంఘం 2018లో ప్రజలను హెచ్చరించింది.

మధ్యభారత గిరిజన ప్రాంతాల్లో మరో అంశాన్ని గమనించాలి. ఇక్కడ సికిల్‌సెల్ వ్యాధి ఎక్కువ. దాని నిర్మూలనకు 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ మిషన్ ప్రారంభమైంది. రక్తహీనతను అంచనా వేసేటప్పుడు వైద్యులు గోళ్ల రంగునూ చూస్తారు. రక్తంలో ఆక్సిజన్‌ను కొలిచే పల్స్ ఆక్సీమీటర్‌ను వేలికే తగిలిస్తారు. మందమైన కృత్రిమ గోరు, ముదురు రంగు ఆ కొలతను తప్పించగలవు. సికిల్‌సెల్ రోగులు, గర్భిణులు, శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు ఈ గోళ్లు వేసుకోకపోవడం మంచిది. తప్పనిసరైతే ప్రతి చేతికి ఒక వేలినైనా ఖాళీగా వదలాలి.

పని చేసే చోటు

ద్రవం త్వరగా ఆవిరయ్యేది, మండే స్వభావం గలది. పొయ్యి, అగరువత్తి, దీపం ఉన్న గదిలో సీసా తెరవకూడదు. గాలి వచ్చి పోయే కిటికీ పక్కన కూర్చోవాలి. అయితే ఫ్యాను గాలి నేరుగా గోటిపై పడితే మిశ్రమం పరచకముందే ఎండిపోతుంది. అక్రిలిక్‌కు 21 నుంచి 24 డిగ్రీల ఉష్ణోగ్రత అనుకూలం. బస్తర్ వేసవిలో అది సాధ్యం కాదు కనుక ఉదయం పూట పని పెట్టుకోవడం, ద్రవాన్ని కొద్దికొద్దిగా పోసుకోవడం, పూసలు చిన్నవిగా తీయడం ఉపాయాలు. చలికాలపు ఉదయం ఇందుకు భిన్నంగా గట్టిపడటం ఆలస్యమవుతుంది.

మాస్కు ఫైల్ ధూళిని ఆపుతుంది గానీ ద్రవపు ఆవిరిని ఆపదు. ఆవిరికి గాలి ప్రసారమే మందు. ద్రవం పోసుకునే చిన్న గాజు గిన్నెకు మూత ఉండాలి. తడిసిన దూదిని మూత ఉన్న డబ్బాలో వేయాలి. లోహపు పనిముట్లను సబ్బుతో కడిగి క్రిమిసంహారక ద్రావణంలో ఉంచాలి. ఒకరికి వాడిన ఫైల్‌ను మరొకరికి వాడకూడదు.

గోటిని సిద్ధం చేయడం

గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాని మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటుగా ఉంటుంది. ఎంత తక్కువ అరగదీస్తే అంత బలంగా మిగులుతుంది.

1. ఇద్దరూ చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టుకోవాలి. నీళ్లలో నానిన గోరు ఉబ్బుతుంది కాబట్టి వేళ్లను నానబెట్టకూడదు.

2. పాత రంగును తీసివేసి గోళ్లను పొట్టిగా, సమానంగా చేయాలి. గోరింటాకు ఎరుపు ఉన్నా ఇబ్బంది లేదు. దానికి పూసిన నూనె మాత్రం మిగలకూడదు.

3. గోటి మొదట్లో అతుక్కుని ఉండే పలుచని మృత చర్మాన్ని పుషర్‌తో మెల్లగా వెనక్కి నెట్టి శుభ్రం చేయాలి. సజీవ చర్మాన్ని కత్తిరించకూడదు. గోరు లేచిపోవడానికి ప్రధాన కారణం ఇక్కడ మిగిలిపోయే ఈ సన్నని పొరే.

4. 180 నుంచి 240 గ్రిట్ ఫైల్‌తో పైమెరుపు పోయేంత వరకే, గోరు పెరిగే దిశలో తేలికగా రుద్దాలి. వేడి లేదా మంట తెలిసిందంటే అప్పటికే ఎక్కువ అరిగినట్లు.

5. ధూళిని పొడి బ్రష్‌తో దులిపి, డీహైడ్రేటర్ రాసి నూనె, తేమ తీసివేయాలి. ఆ తర్వాత గోటిని వేలితో ముట్టుకోకూడదు.

6. ప్రైమర్‌ను చాలా పలుచగా, గోటి మధ్యలో చుక్కగా పెడితే అదే వ్యాపిస్తుంది. ఆమ్లపు ప్రైమర్ చర్మాన్ని కాలుస్తుంది. కొత్తవారు ఆమ్లం లేని రకంతో మొదలుపెట్టాలి.

పొడవు కావాలంటే ఫారం అని పిలిచే కాగితపు అచ్చును గోటి కొన కింద ఖాళీ లేకుండా అమర్చాలి. మొదటి నెలల సాధనకు పొడవు పెంచకుండా అసలు గోటిపైనే పలుచని పొర వేయడం సులువు.

పూస తీయడం, పరచడం

బ్రష్‌ను ద్రవంలో పూర్తిగా ముంచి, గాలి బుడగలు పోయాక, గిన్నె అంచుకు ఒత్తి అదనపు తడి తీసివేయాలి. కొనను పొడి పైభాగంలో ఆనించి కొద్దిగా లాగితే గుండ్రని పూస తయారవుతుంది. ఒక వంతు పొడికి సుమారు ఒకటిన్నర వంతుల ద్రవం సరైన పాలు. సరైన పూస మెరుస్తూ, గోటిపై పెట్టాక కొన్ని క్షణాలు ఆకారం నిలుపుకొని నెమ్మదిగా జారుతుంది. వెంటనే పారితే ద్రవం ఎక్కువైనట్లు. గరుకుగా, పొడిపొడిగా ఉంటే తక్కువైనట్లు. ద్రవం ఎక్కువైన పూస చర్మంపైకి పారి అలర్జీకి దారితీస్తుంది. తక్కువైనది సరిగా అంటుకోదు.

ప్రతి గోటికి మూడు పూసలు వాడతారు. మొదటిది కొన వద్ద. రెండోది గోటి మధ్యలో. ఒత్తిడి పడేది ఇక్కడే గనుక మందం కాస్త ఎక్కువ ఉండాలి. మూడోది అన్నిటికంటే చిన్నది, మొదలు దగ్గర పలుచగా. బ్రష్ పొట్టతో అద్దుతూ, ఆపై కొనకేసి తుడవాలి. రంగు పూసినట్లు ముందుకూ వెనక్కూ లాగకూడదు. చుట్టూ చర్మానికి, పొరకు మధ్య సన్నని ఖాళీ తప్పక వదలాలి. ద్రవం చర్మానికి తగిలితే గట్టిపడకముందే పుల్లతో తీసేయాలి. అంచును బ్రష్ తడితో చర్మం మీదుగా తుడవడం చాలామంది చేసే తప్పు.

ఆకృతి, సంరక్షణ, తొలగింపు

బ్రష్ కాడతో తట్టినప్పుడు టక్కుమని శబ్దం వస్తే ఫైల్ చేయవచ్చు. ముందు పక్కలు, తర్వాత కొన, చివర పైభాగం సరిచేసి, మెత్తని బఫర్‌తో నునుపు చేసి, చేతులు కడిగి, గోటి మొదట్లో నూనె రాయాలి.

రెండు మూడు వారాలకు గోరు పెరిగి మొదట్లో ఖాళీ కనిపిస్తుంది. ఆ భాగాన్ని మాత్రమే నింపాలి. అంచు లేస్తే దాన్ని జిగురుతో మూయకూడదు. లోపల తేమ చిక్కుకుంటే బ్యాక్టీరియా పెరిగి గోరు పచ్చబడుతుంది. పొలంలో, నీళ్లలో గంటల తరబడి పని చేసేవారికి ఈ ముప్పు ఎక్కువ. వరినాట్ల రోజుల్లో, మిరప కోతల కాలంలో గోళ్లు తీసివేసుకోవాలని వారికి ముందే చెప్పాలి. వేడుక కోసమే అయితే వేలి కొన దాటని పొట్టి గోరు చాలు.

రోగులను ముట్టుకునే నర్సులు, ఏఎన్‌ఎంలు, నర్సింగ్ విద్యార్థినులు కృత్రిమ గోళ్లు ధరించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి చేతుల పరిశుభ్రత మార్గదర్శకాల్లో సూచించింది.

తీసేటప్పుడు పైపొరను కొంత అరగదీసి, అసిటోన్‌లో ముంచిన దూదిని గోటిపై ఉంచి, రేకు చుట్టి 20 నుంచి 30 నిమిషాలు ఆగాలి. మెత్తబడిన పొరను పుల్లతో నెట్టితే వచ్చేస్తుంది. రాకపోతే మళ్లీ నానబెట్టాలే తప్ప పెకలించకూడదు. పెకలిస్తే అసలు గోటి పొరలూ ఊడి వస్తాయి. పూర్తిగా కొత్త గోరు రావడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది.

దంతెవాడలో మొదలై ఛత్తీస్‌గఢ్ జిల్లాలకు విస్తరించిన లైవ్లీహుడ్ కళాశాలల వంటి శిక్షణ కేంద్రాల్లో వృత్తి విద్య నేర్చుకునేవారికైనా, పార్లర్‌లో సహాయకులుగా చేరినవారికైనా సాధన ప్లాస్టిక్ టిప్‌లపై మొదలవ్వాలి. పూస పారకుండా, చర్మం వైపు చేరకుండా వరుసగా పది టిప్‌లపై నిలపగలిగిన తర్వాతే మనిషి చేతిని పట్టుకోవాలి.