స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్ అనిమే: పుట్టుక, చరిత్ర

స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్ జపాన్ టీవీ అనిమే ధారావాహిక. రెకి కవహారా రాసిన లైట్ నవలలు దీనికి మూలం. తొమొహికో ఇతో దర్శకత్వంలో ఏ-1 పిక్చర్స్ స్టూడియో తీసిన మొదటి సిరీస్ 2012 జులై నుంచి డిసెంబరు వరకు 25 భాగాలుగా ప్రసారమైంది. గేమ్ లోకంలో చిక్కుకుపోయిన మనుషుల కథ అనగానే ఇప్పటికీ చాలామందికి ముందు గుర్తొచ్చే పేరు ఇదే. బొమ్మ కట్టిన తీరును మెచ్చుకున్నవాళ్లు, కథ నడిపిన తీరును తప్పుపట్టినవాళ్లు ఇద్దరూ ఉన్నారు. ఇద్దరి మాటా నిజమే. కథలోని లోపానికి కారణం మాత్రం ఆ నవల పుట్టిన పద్ధతిలోనే ఉంది.

కవహారా దీన్ని ఒక నవలల పోటీ కోసం రాశాడు. రాత పేజీల పరిమితి దాటిపోవడంతో పోటీకి పంపలేక, 2002 నుంచి మారుపేరుతో తన వెబ్‌సైట్‌లో పెట్టాడు. 2008లో అతని మరో రచన ‘యాక్సెల్ వరల్డ్’ 15వ దెంగెకి నవలా పోటీలో అగ్ర బహుమతి గెలిచింది. ఆ గెలుపుతో పాత రచనకూ దారి దొరికింది. 2009 ఏప్రిల్‌లో దెంగెకి బుంకో ముద్రణగా మొదటి సంపుటం వెలువడింది.

ఇలాంటి కథకు ముందే ఒక బాట పడి ఉంది. 2002లో బీ ట్రెయిన్ స్టూడియో తీసిన ‘డాట్ హ్యాక్ సైన్’లోనూ నాయక పాత్ర గేమ్‌లోంచి లాగౌట్ కాలేకపోతుంది. అది నెమ్మదిగా, ఎక్కువగా సంభాషణలతో సాగుతుంది. దానికి సంగీతం ఇచ్చిన యుకి కజియురాయే పదేళ్ల తర్వాత స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్‌కూ స్వరాలు కట్టింది.

కథ 2022 నవంబరు 6న మొదలవుతుంది. నెర్వ్‌గేర్ అనే హెల్మెట్ తగిలించుకుని పదివేల మంది కొత్త గేమ్‌లోకి దిగుతారు. మెనూలో లాగౌట్ బటన్ ఉండదు. ఆట ప్రారంభమయ్యే పట్టణంలోని కూడలికి అందరినీ ఒక్కసారిగా లాక్కొస్తారు. ఆకాశమంతా ఎర్రటి హెచ్చరిక పలకలతో నిండిపోతుంది, వాటి సందుల్లోంచి నెత్తురులాంటి చిక్కటి ద్రవం కారి, ముసుగేసుకున్న నిలువెత్తు ఆకారమవుతుంది. ముసుగులో ముఖం ఉండదు. ఆ రూపంలో మాట్లాడేది గేమ్ సృష్టికర్త కయాబా అకిహికో. ఐన్‌క్రాడ్ అనే ఎగిరే కోటలోని వంద అంతస్తులూ గెలిస్తేనే విడుదల. ఆటలో చస్తే హెల్మెట్ మెదడును కాల్చేస్తుంది. తర్వాత అందరికీ తలో అద్దం ఇస్తాడు. చూసుకున్నవాళ్లకు ముచ్చటపడి ఎంచుకున్న రూపం పోయి సొంత ముఖం కనిపిస్తుంది. భయాన్ని ఇంత సూటిగా బొమ్మకట్టిన తొలి భాగం అనిమేలో అరుదు.

ఈ స్థాయి ఆ ఒక్క సన్నివేశంతో ఆగిపోలేదు. షింగో అదాచి పాత్రల రూపకల్పన, కత్తిపోటు వెంట సాగే వెలుగు చారలు, చనిపోయినవాడు గాజుపెంకుల్లా పగిలి గాలిలో కలిసిపోవడం, 74వ అంతస్తులో కథానాయకుడు కిరితో రెండు కత్తులు దూసి రాక్షసుడి మీద పడే ఘట్టం, ఇవన్నీ ఇప్పటికీ కళ్లు తిప్పుకోనివ్వవు.

కథ మాత్రం రెండో భాగం దాటగానే తడబడుతుంది. కవహారా మొదటి సంపుటంలో తొలి రోజు చెప్పి, ఒక్క గెంతుతో రెండేళ్లు దాటించి 74వ అంతస్తుకు వెళ్లిపోయాడు. మధ్యలో జరిగినవాటిని తర్వాత విడి కథలుగా రాశాడు. అనిమే బృందం ఆ విడి కథలను కాలక్రమంలో పేర్చి ముందుకు తెచ్చింది. దాంతో మూడు నుంచి ఏడు వరకు ప్రతి కథలో ఒక కొత్త మనిషి వస్తారు, కథ అయిపోగానే పక్కకు తప్పుకుంటారు. సాచి అనే అమ్మాయి పరిచయం, ఆమె బృందంతో కిరితో స్నేహం, వాళ్ల చావు, అతని పశ్చాత్తాపం, అన్నీ మూడో భాగంలోనే ముగిసిపోతాయి. కన్నీళ్లు పెట్టించాల్సిన కథకు ఊపిరి తీసుకునే చోటు కూడా లేదు.

ఐన్‌క్రాడ్ కథ ముగింపు ఇంకా బలహీనం. వంద అంతస్తులని ఊరించిన ఆట 75లోనే తేలిపోతుంది. ప్రాణాలు సున్నాకు చేరిన కిరితో కేవలం పట్టుదలతో నిలబడి శత్రువును పొడుస్తాడు. ఆట కథకు నియమాలే ప్రాణం. కీలకమైన చోట నియమం తప్పితే గెలుపుకు విలువ ఉండదు. ఆ తర్వాత వచ్చే సిరీస్ రెండో సగంలో పరిస్థితి మరీ దిగజారింది. యోధురాలిగా నిలబెట్టిన కథానాయిక అసునాను పంజరంలో కూర్చోబెట్టి, ప్రతినాయకుడి లైంగిక వేధింపులకు గురిచేసి, రక్షకుడి కోసం ఎదురుచూసేలా చేశారు. ఆ పాత్రకు జరిగిన అన్యాయం క్షమించదగ్గది కాదు.

2014లో వచ్చిన రెండో సిరీస్ చివరి కథ, వైద్య యంత్రం సాయంతో గేమ్ లోకంలో బతికే ఎయిడ్స్ రోగి యూకిది. కాస్త నిదానించి చెబితే ఈ ధారావాహిక ఎంత ఎత్తుకు వెళ్లగలదో అక్కడ తెలుస్తుంది. 2017లో ‘ఆర్డినల్ స్కేల్’ సినిమా, 2018 నుంచి 2020 వరకు మనాబు ఓనో దర్శకత్వంలో ‘అలిసైజేషన్’ వచ్చాయి.

వదిలేసిన అంతస్తుల లోటును తీర్చే పని కవహారాయే చేపట్టాడు. అనిమే ప్రసారమవుతున్న 2012లోనే ‘ప్రోగ్రెసివ్’ పేరుతో ఐన్‌క్రాడ్ కథను మొదటి అంతస్తు నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. దాని ఆధారంగా 2021, 2022 అక్టోబరు నెలల్లో రెండు సినిమాలు విడుదలయ్యాయి. మొదటి సినిమా తొలి రోజును అసునా కళ్లతో చూపిస్తుంది. టీవీ సిరీస్ రెండో భాగంలో ముగించేసిన మొదటి అంతస్తు పోరాటానికి దాంతో పూర్తి నిడివి సినిమా దక్కింది.