ఫైల్ ఎక్కడో ఉంది.. మరి దారి చూపేదెవరు? ఐపీఎఫ్ఎస్‌లో ఇండెక్సర్ నోడ్లు చేసే పని ఇదే!

లింక్ నొక్కితే వీడియో ఓపెన్ కాదు. సర్వర్ డౌన్ అయి ఉండొచ్చు, ప్రభుత్వం బ్లాక్ చేసి ఉండొచ్చు, పెట్టినవాళ్లే తీసేసి ఉండొచ్చు. ఈ సమస్యకు విరుగుడుగా వచ్చిందే డీసెంట్రలైజ్డ్ స్టోరేజ్. ఇందులో ఫైల్ ఒక్క కంపెనీ సర్వర్‌లోనే ఉండదు, ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లలో ఉంటుంది. వినడానికి బాగానే ఉంది. కానీ అన్ని కంప్యూటర్లలో మనకు కావాల్సిన ఫైల్ ఎవరి దగ్గరుందో తెలిసేదెలా? అసలు చిక్కంతా ఇక్కడే. ఆ దారి చూపించేవే ఇండెక్సర్ నోడ్లు.

ఇదేదో టెక్కీల గొడవ అనుకోవద్దు. 2017 ఏప్రిల్ 29న టర్కీ ప్రభుత్వం వికీపీడియాను బ్లాక్ చేసింది. కొద్ది రోజులకే టర్కిష్ వికీపీడియా కాపీని ఐపీఎఫ్ఎస్ అనే నెట్‌వర్క్‌లో పెట్టారు. టర్కీలో ఆ బ్లాక్ 2020 జనవరి వరకు సాగింది. అలాంటి కాపీ ఎన్ని చోట్ల ఉన్నా, చదవాలనుకున్న మనిషికి అది ఎక్కడుందో దొరక్కపోతే లేనట్టే లెక్క.

ఈ సీఐడీ పోలీసు సీఐడీ కాదు!

ఐపీఎఫ్ఎస్‌ను రూపొందించింది హువాన్ బెనెట్. ఆయన 2014లో మొదలుపెట్టిన ప్రోటోకాల్ ల్యాబ్స్ నుంచే ఇది వచ్చింది. దీనికి తోబుట్టువు లాంటి ఫైల్‌కాయిన్ మెయిన్‌నెట్ 2020 అక్టోబర్‌లో మొదలైంది. డేటా దాచిపెట్టినందుకు డబ్బులిచ్చే ఏర్పాటు ఫైల్‌కాయిన్‌ది.

మామూలు ఇంటర్నెట్‌లో లింక్ అంటే అడ్రస్. ఫలానా సర్వర్, ఫలానా ఫోల్డర్ అని ఉంటుంది. ఐపీఎఫ్ఎస్‌లో అలా కాదు, ఫైల్‌లో ఏముందో దాన్ని బట్టే దానికో గుర్తు పుడుతుంది. దాన్నే కంటెంట్ ఐడెంటిఫయర్, షార్ట్‌కట్‌లో సీఐడీ అంటారు. వేలిముద్ర లాంటిదన్నమాట. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా సీఐడీ మారిపోతుంది. పాతరకం సీఐడీలు 'క్యూఎం' అనే అక్షరాలతో, కొత్తవి ఎక్కువగా 'బాఫీ' అని చదవగలిగే అక్షరాలతో మొదలవుతాయి.

వేలిముద్ర మనిషిని గుర్తుపట్టడానికి పనికొస్తుంది. ఆ మనిషి ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో చెప్పదు కదా!

పాత పద్ధతి ఎందుకు సరిపోలేదు?

మొదట్లో ఈ వెతుకులాటంతా డీహెచ్‌టీ అనే పద్ధతి మీదే నడిచింది. ఇందులో సెంట్రల్ లిస్ట్ ఉండదు. 'ఈ ముక్క నా దగ్గరుంది' అని ప్రతి నోడ్ నెట్‌వర్క్‌లోని 20 నోడ్లకు చెప్పి ఉంచుతుంది. ఆ కబురుకు ఎక్స్‌పైరీ కూడా ఉంటుంది కాబట్టి మళ్లీ మళ్లీ చెప్తూనే ఉండాలి.

చిన్న లెక్క వేద్దాం. ఫైల్‌కాయిన్‌లో ఒక స్టోరేజ్ సెక్టార్ సైజు సాధారణంగా 32 జీబీ. ఐపీఎఫ్ఎస్ ఫైళ్లను మామూలుగా 256 కేబీ ముక్కలుగా కోస్తుంది. అంటే ఒక్క సెక్టార్ నిండితే 1,31,072 ముక్కలు. ఒక్కో ముక్క గురించి 20 మందికి చెప్పాలంటే 26 లక్షలకు పైగా కబుర్లు. అదీ ఒక్క సెక్టార్‌కే, అదీ ఒక్కసారికే! వేల సెక్టార్లు నడిపే స్టోరేజ్ ప్రొవైడర్ ఇక డేటా చూసుకుంటాడా, కబుర్లు పంపుకుంటూ కూర్చుంటాడా?

అందుకే ఐపీఎన్ఐ వచ్చింది. పూర్తి పేరు ఇంటర్‌ప్లానెటరీ నెట్‌వర్క్ ఇండెక్సర్. పేరు మరీ గ్రహాంతరంగా ఉంది కానీ పని మాత్రం రెవెన్యూ ఆఫీసు పనే. అడంగల్‌లో పొలం ఉండదు, ఏ సర్వే నంబర్ ఎవరిదో ఉంటుంది. అలాగే ఇండెక్సర్‌లో ఫైల్ ఉండదు. ఏ గుర్తున్న ముక్క ఏ ప్రొవైడర్ దగ్గర ఉంది, ఏ ప్రోటోకాల్‌లో అడిగితే ఇస్తాడు అన్న రికార్డ్ మాత్రమే ఉంటుంది.

ఇక్కడ ప్రొవైడర్ ఇంటింటికీ తిరిగి చెప్పడు. కొత్తగా వచ్చిన ముక్కల లిస్ట్‌ను ఒక 'అడ్వర్టైజ్‌మెంట్'గా తయారుచేసి, సంతకం పెట్టి, తన దగ్గరే ఉంచుతాడు. 'కొత్త లిస్ట్ వచ్చింది' అని ఒక చిన్న ప్రకటన చేస్తాడు. ఇండెక్సర్లే వచ్చి తీసుకెళ్తాయి. లక్ష ముక్కలకు కలిపి ఒకే ఐడీ ఉంటుంది కాబట్టి, తర్వాత ఆ డేటా తీసేస్తే ఒక్క మాటతో మొత్తం కొట్టేయొచ్చు.

నోడ్ నడపాలంటే..

దీనికి వాడే సాఫ్ట్‌వేర్ పేరు 'స్టోర్‌దఇండెక్స్'. గో లాంగ్వేజ్‌లో రాసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఇది. 'ఇనిట్' కమాండ్‌తో సెటప్, 'డీమన్' కమాండ్‌తో స్టార్ట్. ఇంతవరకు ఈజీనే. అసలు పరీక్ష ఆ తర్వాతే!

డిఫాల్ట్‌గా నాలుగు పోర్టులు తెరుచుకుంటాయి. వెతికేవాళ్ల ప్రశ్నలు 3000కి, ప్రొవైడర్ల ప్రకటనలు 3001కి వస్తాయి. 3002 అడ్మిన్‌ది. 3003 నోడ్ల మధ్య మాటలకు. వీటిలో 3002ను పొరపాటున కూడా బయటి ఇంటర్నెట్‌కు తెరవకూడదు. తెరిస్తే మన నోడ్ తాళంచెవి వీధిలో పెట్టినట్టే.

డిస్క్ ఫాస్ట్ ఎస్ఎస్‌డీ అయి ఉండాలి. రికార్డులు చిన్నవే కానీ కోట్లలో ఉంటాయి, చదవడం, రాయడం ఆగకుండా సాగుతూనే ఉంటాయి. డిస్క్ 90 శాతం నిండితే నోడ్ తనంతట తానే 'ఫ్రీజ్' అవుతుంది. పాత రికార్డులు చూపిస్తుంది, కొత్తవి తీసుకోదు. ఆ 90 అన్న అంకెను సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. కానీ మార్చినంత మాత్రాన డిస్క్ పెరగదు కదా!

ఇంకో తలనొప్పి కూడా ఉంది. ఒక్కో ప్రొవైడర్ అడ్వర్టైజ్‌మెంట్లు గొలుసులా ఉంటాయి, ప్రతిదీ తన ముందుదాన్ని చూపిస్తుంది. కొత్త నోడ్ పెట్టినవాళ్లు ఈ గొలుసును మొదటి లింకు దాకా వెనక్కి నడవాలి. మధ్యలో ప్రొవైడర్ ఆఫ్‌లైన్ అయినా, ఒక పాత లిస్ట్ డిలీట్ అయినా ఆ ప్రొవైడర్ లెక్క అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఎవరి లిస్టులు తీసుకోవాలి, ఎవరివి వద్దు అని నోడ్ ఓనర్ పాలసీ పెట్టుకోవచ్చు.

మరి ఇంత కష్టపడితే డబ్బులొస్తాయా? రావు. ఫైల్‌కాయిన్‌లో బ్లాక్ రివార్డులు స్టోరేజ్ ఇచ్చినవాళ్లకే, ఇండెక్స్ నడిపినవాళ్లకు కాదు. యూట్యూబ్‌లో 'ఇండెక్సర్ నడిపి సంపాదించండి' అంటూ కనిపించేవి చాలావరకు 'ద గ్రాఫ్' అనే వేరే ప్రాజెక్ట్ గురించి. అది బ్లాక్‌చెయిన్ డేటాకు ఇండెక్స్, దాని టోకెన్ వేరు. రెండూ కలిపేసుకుని డబ్బు పెట్టొద్దు.

డీసెంట్రలైజ్డ్ అంటూ ఒకే దారా?

2023 జనవరిలో వచ్చిన కుబో 0.18 నుంచి ఐపీఎఫ్ఎస్ సాఫ్ట్‌వేర్ డీహెచ్‌టీతో పాటు 'సీఐడీ డాట్ కాంటాక్ట్' అనే ఇండెక్సర్ సర్వీస్‌ను కూడా డిఫాల్ట్‌గా అడగడం మొదలుపెట్టింది. స్పీడ్ పెరుగుతుంది, నిజమే. కానీ ఖర్చు ఎక్కువ, ఆదాయం సున్నా కాబట్టి నడిపేవాళ్లు తక్కువ. అందరూ ఒకే తలుపు తట్టడం మొదలుపెడితే డీసెంట్రలైజ్డ్ అన్న మాటకు అర్థమేముంటుంది? డీహెచ్‌టీని పూర్తిగా పక్కన పెట్టకపోవడం ఇందుకే మంచిదైంది.

ఇండెక్సర్ అబద్ధం చెబితే? దాని వల్ల టైమ్ వేస్ట్ తప్ప నకిలీ ఫైల్ అంటగట్టడం కుదరదు. ఫైల్ చేతికొచ్చాక సీఐడీతో సరిపోల్చి చూస్తారు, తేడా ఉంటే పడేస్తారు. కానీ ఉన్న రికార్డును దాచేస్తే మాత్రం పట్టుకోవడం కష్టం. ఎవరు ఏం వెతుకుతున్నారో ఇండెక్సర్‌కు తెలిసిపోవడం ఇంకో భయం. బ్లాక్ చేసిన పేజీ కోసం వెతికేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. దీనికోసం డబుల్ హాషింగ్ తెచ్చారు. సీఐడీలోని హాష్‌ను మళ్లీ ఒకసారి హాష్ చేసి పంపుతారు. జవాబు కూడా లాక్ అయి వస్తుంది, అసలు హాష్ తెలిసినవాళ్లే దాన్ని తెరవగలరు.

మీ ఫైల్ ఇండెక్స్‌లో ఉందో లేదో చూడటం మాత్రం సులువు. సీఐడీ డాట్ కాంటాక్ట్ అడ్రస్ తర్వాత స్లాష్ సీఐడీ స్లాష్ అని టైప్ చేసి, ఫైల్ గుర్తు పేస్ట్ చేస్తే చాలు. ప్రొవైడర్ ఐడీ, నెట్‌వర్క్ అడ్రస్ వస్తాయి. ఆ అడ్రస్ 127 తోనో, 192.168 తోనో మొదలైతే బయటివాళ్లెవరూ చేరలేరు, ప్రొవైడర్ తన సెట్టింగ్స్ సరిచేసుకోవాలి. 404 వస్తే కంగారు పడక్కర్లేదు. ఆ ఇండెక్సర్‌కు తెలియదని మాత్రమే దాని అర్థం, ఫైల్ పోయిందని కాదు. అప్పుడు డీహెచ్‌టీలో వెతకాలి. అక్కడా లేకపోతే, కాపీ పెట్టినవాళ్ల నోడ్ ఆన్‌లో ఉందో లేదో కనుక్కోవాల్సిందే.