తేనీటి విందు పళ్లెంలో ఏముండాలి?

1842లో ఇంగ్లండులోని బీవర్ కోటకు అతిథిగా వెళ్లిన రంగస్థల నటి ఫానీ కెంబుల్‌కి ఒక మధ్యాహ్నం వింత పిలుపు వచ్చింది. బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా మరియా తన గదికి రమ్మని కబురంపింది. వెళ్లి చూస్తే కోటలో దిగిన అతిథుల్లోంచి ఏరికోరి పిలిచిన కొద్దిమంది ఆడవాళ్లు, డచెస్ సొంత కెటిల్, పొగలు కక్కే టీ. ఆ పిలుపులు కాస్త గుట్టుగా సాగేవని, మధ్యాహ్నపు టీ అనేది తనకు తొలిసారి తెలిసింది అక్కడేనని కెంబుల్ తన జ్ఞాపకాల్లో రాసుకుంది. మధ్యాహ్నపు టీకి డచెస్ అన్నా మరియానే ఆద్యురాలని లోకం చెప్పుకుంటుంది. నాలుగింటి ప్రాంతంలో నీరసం కమ్ముకొచ్చి ఆమె టీ, కాస్త పలహారం తెప్పించుకునేదని ప్రతీతి. ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఆ నీరసం ఆమె ఒక్కదానిదే అయితే అది ఒక గదిలో మొదలై ఆ గదిలోనే ముగిసిపోయేది. అప్పటికి పెద్దింటి వాళ్లందరికీ ఆ వేళకు ఆకలి వేస్తోంది. ఆ ఆకలిని పుట్టించింది గడియారం.

పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో కలిగినవాళ్లు ప్రధాన భోజనం మధ్యాహ్నం రెండుకో మూడుకో చేసేవారు. తరం మారిన కొద్దీ ఆ భోజనం వెనక్కి జరుగుతూ వచ్చింది. విక్టోరియా రాణి గద్దెనెక్కిన నాటికి పెద్దిళ్లలో అది రాత్రి ఏడున్నర, ఎనిమిదికి చేరింది. మధ్యలో లంచ్ అనే తేలికపాటి తిండి వచ్చింది గానీ అది ఎనిమిది దాకా ఆగేది కాదు. ఆ ఖాళీలో పుట్టింది మధ్యాహ్నపు టీ. అందుకే దాని పళ్లెం మొదటి నుంచీ ఒక కట్టుబాటుకు లోబడి ఉంది. ఆకలి చల్లారాలి, రాత్రి భోజనానికి మాత్రం ఆకలి మిగలాలి. ఈ రెంటినీ ఒకేసారి సాధించే పదార్థాలేవి అన్న వెతుకులాటే తేనీటి విందు మెనూ చరిత్ర అని నేననుకుంటాను.

టీ ఇంగ్లండుకు అంతకు దాదాపు రెండు వందల ఏళ్ల ముందే వచ్చింది. శామ్యూల్ పీప్స్ తన డైరీలో 1660లో ఒక కప్పు టీ తెప్పించుకున్నట్టు రాసుకున్నాడు. అప్పటికి అది చైనా పానీయం, కొత్త వింత. 1662లో రెండో చార్లెస్‌ను పెళ్లాడిన పోర్చుగీసు రాకుమారి కాథరిన్‌కి పుట్టింట్లోనే టీ అలవాటు. ఆమె వెంట ఆ అలవాటు రాజాస్థానంలో అడుగుపెట్టింది. తేయాకు ఎంత ప్రియమంటే ఇల్లాలు దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసుకునేది. దానిమీద పడే పన్ను ఒక దశలో నూటికి 119 దాకా పోయింది. దొంగచాటు సరుకు ఊళ్లను ముంచెత్తింది. 1784లో ప్రధాని విలియం పిట్ ఆ పన్నును పన్నెండున్నర శాతానికి దించాక గానీ మామూలు మనిషి నిర్భయంగా టీ కొనుక్కోలేకపోయాడు.

అప్పట్లో టీతో ఏం తినేవారు? లండన్‌లోని రానెలా విహారోద్యానం 1742లో తెరుచుకుంది. టికెట్టు అర క్రౌను. ఆ డబ్బుకే లోపల టీ గానీ కాఫీ గానీ, వెన్న రాసిన బ్రెడ్డూ ఇచ్చేవారు. ఇళ్లలో రాత్రి భోజనమయ్యాక తాగే టీతోనూ అదే. పళ్లెంలోకి మొదట వచ్చిన పదార్థం వెన్న రాసిన బ్రెడ్డే. ఆ తర్వాత ఎన్ని వచ్చినా దాని పక్కన చేరినవే.

ఆ బ్రెడ్డు ముక్కలో పనితనం తక్కువేమీ కాదు. ముందు రొట్టె కోసి తర్వాత వెన్న రాస్తే పలుచని ముక్క చిరిగిపోతుంది. అందుకని పాతకాలపు పద్ధతి వేరుగా ఉండేది. రొట్టె దిమ్మ నిండుగా ఉన్నప్పుడే కోసిన ముఖానికి మెత్తబడ్డ వెన్న రాసి, ఆ తర్వాత పదునైన చాకుతో ఆ పొరను కాగితంలా కోసేవారు. మళ్లీ రాయడం, మళ్లీ కోయడం. నిన్నటి రొట్టె అయితే కోతకు నిలుస్తుంది, పొద్దున కాల్చినది నలిగిపోతుంది. డజను మందికి సరిపడా కోయాలంటే వంటమనిషి చెయ్యి చాలాసేపు అదుపు తప్పకుండా నడవాలి. చూడ్డానికి ఎంతో సాదాగా కనిపించే పళ్లెం వెనక అంత శ్రమ ఉండేది. దాన్ని మర్చిపోయి ఆ పళ్లెం నాజూకుతనాన్ని మెచ్చుకోవడం నాకు నచ్చదు.

శాండ్‌విచ్ రావడంతో ఈ బ్రెడ్డుకు జత దొరికింది. ఆ పేరును చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ 1762లో తన డైరీలో రాశాడు. మొదట్లో అది మగవాళ్లు రాత్రివేళ తినే మాంసపు తిండి. మధ్యాహ్నపు టీలోకి వచ్చేసరికి పలచబడింది, అంచులు పోయాయి, వేలెడంత అయింది, మాంసం స్థానంలో కీర దోసకాయ చేరింది. 1845లో గాజు మీద సుంకం ఎత్తేయడంతో గాజు ఇళ్ల కింద కూరగాయలు పెంచడం సులువైంది. చలిదేశంలో పచ్చి కీర ముక్క అంటే తోట, తోటమాలి ఉన్న ఇంటి గుర్తు. దాన్ని చేయడంలోనూ ఒక కిటుకుంది. తొక్క తీసి పలుచగా చక్రాలు తరిగి ఉప్పు చల్లి కాసేపు వదిలేస్తే నీరు ఊరుతుంది. ఆ నీటిని ఒత్తి, గుడ్డమీద ఆరబెట్టి, రెండు వైపులా అంచుల దాకా వెన్న రాసిన బ్రెడ్డు మధ్య పేరుస్తారు. వెన్న ఉన్నది రుచి కోసమే కాదు. తడి బ్రెడ్డులోకి దిగకుండా అది అడ్డుపడుతుంది.

తీపి వైపు మార్పు తెచ్చింది రసాయనం. 1843లో బర్మింగ్‌హామ్ వ్యాపారి ఆల్‌ఫ్రెడ్ బర్డ్ బేకింగ్ పౌడర్ చేశాడు. అతని భార్యకు ఈస్టు పడదు, ఆమె కోసం చేశాడు. దాంతో గుడ్లు గంటలకొద్దీ గిలకొట్టే పని తప్పింది, వెన్న వేసిన బరువైన పిండి కూడా తేలిగ్గా పొంగింది. 1861లో పుస్తకంగా వచ్చిన ఇసబెల్లా బీటన్ గృహనిర్వహణ గ్రంథంలో విక్టోరియా శాండ్‌విచ్ పేరుతో రెండు కేకుల మధ్య జామ్ పెట్టే పద్ధతి ఉంది. టీ ఆకు మనిషికో చెంచా, పాత్ర పేరిట ఇంకో చెంచా అనే పాత లెక్కనూ ఆమె చెప్పింది.

శతాబ్దం చివరికి ఈ పళ్లెంలో ఏది మర్యాద, ఏది మోటు అన్నది ఎంత దూరం పోయిందో ఆస్కార్ వైల్డ్ నాటకం చెబుతుంది. 1895 ఫిబ్రవరి 14న లండన్‌లో మొదటిసారి ఆడిన 'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్'లో తల్లి సోదరి కోసం చేయించిన కీర శాండ్‌విచ్‌లన్నీ ఇంటి యజమానే తినేస్తాడు. మరో అంకంలో, పట్నం నుంచి వచ్చిన అమ్మాయి తనకు వెన్న రాసిన బ్రెడ్డే కావాలని, కేకు మంచి ఇళ్లలో ఈమధ్య కనిపించడం లేదని అంటుంది. పంచదార కూడా వద్దంటుంది. పల్లెపిల్ల కావాలనే కేకు పెట్టి, కప్పులో పంచదార బిళ్లలు వేసి ఇస్తుంది. ప్రేక్షకులు నవ్వారంటే, ఆ నియమాలు వాళ్లకు కొట్టినపిండి అన్నమాట. కేకు చౌకై అందరి ఇళ్లకూ చేరేసరికి పెద్దిళ్లవాళ్లు మళ్లీ బ్రెడ్డు దగ్గరికే వెళ్లారు.

ఇదే కాలంలో మధ్యాహ్నపు టీ గది దాటి హాలులోకి వచ్చింది. 'ఎట్ హోమ్' అని అచ్చేసిన కార్డు పంపితే ఫలానా రోజు నాలుగు నుంచి ఆరు దాకా ఇంట్లో ఉంటామని అర్థం. వచ్చేవాళ్లు వస్తుంటారు, పావుగంట కూర్చుని వెళ్తుంటారు. అందరూ ఒక్కసారి కూర్చోరు కాబట్టి వేడివేడిగా వడ్డించడం కుదరదు. ఒక చేతిలో కప్పు, సాసరు ఉంటాయి కాబట్టి రెండో చేత్తో తినగలిగేదే పెట్టాలి. చాకు, ముళ్ల చెంచా వాడాల్సినవి పనికిరావు. పట్టుబట్టల మీద కారేవీ పనికిరావు. చల్లగా, పొడిగా, రెండు కొరుకుల్లో అయిపోయేలా ఉండాలన్న పట్టింపు ఈ రాకపోకల వల్ల వచ్చింది.

కార్మికుల ఇళ్లలో టీ కథ వేరు. వాళ్లకు పని ముగిశాక సాయంత్రం ఐదారింటికి తాగే టీయే రాత్రి భోజనం. పక్కన మాంసం, చేపలు, బ్రెడ్డు, ఉంటే చీజ్. దాన్ని 'హై టీ' అన్నారు. మన హోటళ్ల ప్రకటనల్లో ఈ మాటను దర్జాకు వాడుతుంటారు గానీ పుట్టింది గనులూ మిల్లుల ఊళ్లలో, ఒళ్లు వంచి పనిచేసినవాళ్ల ఇళ్లలో.

వాళ్ల కప్పులోకీ టీ అంత ధారాళంగా ఎలా వచ్చిందన్నది ఈ చరిత్రలో బరువైన భాగం. అస్సాం తేయాకు 1839లో లండన్ వేలానికి చేరింది. 1880ల చివరికి బ్రిటన్ దిగుమతుల్లో భారత్ టీ చైనా టీని దాటేసింది. అడవులు నరికి ఆ తోటలు వేసింది, ఆకు కోసింది దూరప్రాంతాల నుంచి ఒప్పందాల మీద తరలించిన కూలీలు. ఛోటానాగ్‌పూర్ నుంచి ఎక్కువమందిని తీసుకెళ్లారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచీ తీసుకెళ్లారు. ఒప్పందం మధ్యలో తోట వదిలితే పట్టుకుని శిక్షించే చట్టాలుండేవి. అస్సాం తోటల్లో ఈనాటికీ తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. మధ్యాహ్నపు టీ చరిత్ర రాసేవాళ్లు డచెస్ పేరు మర్చిపోరు. ఈ కుటుంబాల ప్రస్తావన మాత్రం ఎక్కడో గానీ కనబడదు. తేనీటి విందులో మనవాళ్ల వాటా ముందుగా అక్కడుంది.

ఇటు లండన్‌లో టీ ఇళ్లు దాటి వీధిలోకి వచ్చింది. ఏరేటెడ్ బ్రెడ్ కంపెనీ 1864లో టీ దుకాణం తెరిచింది. జె. లయన్స్ కంపెనీ 1894లో పికడిలీలో తొలి టీ షాపు పెట్టింది. ఒంటరి ఆడవాళ్లు ఎవరి తోడూ లేకుండా కూర్చుని తినగలిగిన చోట్లవి. ఓటుహక్కు కోసం పోరాడిన స్త్రీలు ఇలాంటి టీ గదుల్లోనే కలుసుకునేవారు. 1906లో తెరిచిన రిట్జ్ లాంటి హోటళ్లలో మధ్యాహ్నపు టీ వేడుకగా మారింది. కింది అంతస్తులో శాండ్‌విచ్‌లు, మధ్యలో స్కోన్లు అనే చిన్న బన్నులు, పైన కేకులు అమర్చిన మూడంతస్తుల స్టాండు ఇప్పుడు టీ పార్టీకి గుర్తుగా నిలిచింది. నా దృష్టిలో అది హోటలు సౌకర్యం. ఇరుకు బల్ల మీద ముగ్గురి పళ్లేలు పట్టించే ఉపాయం. ఇంట్లో దాన్ని నింపాలని చూసేవాళ్లు రాత్రి భోజనాన్ని పోగొట్టుకుంటారు.

రెండో ప్రపంచయుద్ధం మెనూను మళ్లీ మొదటికి తెచ్చింది. 1940 జులై నుంచి టీ ఆకు మనిషికి వారానికి రెండు ఔన్సులు. ఆ రేషన్ 1952 దాకా నడిచింది. వెన్న, పంచదార కూడా కొలిచి ఇచ్చేవే. కేకులో క్యారెట్ తురుము పంచదార పని చేసింది. అయినా నాలుగింటికి కెటిల్ పొయ్యి మీదికి ఎక్కకుండా ఉండలేదు.

మన దేశానికి ఈ మర్యాద దొరల బంగళాలు, క్లబ్బుల ద్వారా వచ్చింది. 'ఎట్ హోమ్' కార్డు ఇప్పటికీ బతికే ఉంది. గణతంత్ర దినోత్సవం, స్వాతంత్ర్య దినోత్సవాల సాయంత్రం గవర్నర్ ఇచ్చే ఎట్ హోమ్‌ను మన పత్రికలు తేనీటి విందు అని రాస్తాయి. మామూలు జనానికి టీ అలవాటు చేసింది మాత్రం వ్యాపారం. 1903లో తేయాకు ఎగుమతిపై విధించిన సెస్సు డబ్బుతో ప్రచారం సాగింది. రైల్వే స్టేషన్లలో, సంతల్లో టీ కాచి చూపించారు. హైదరాబాదులో ఇరానీ కేఫులు మరో దారి వేశాయి. అక్కడ చాయ్ పక్కకు ఉస్మానియా బిస్కెట్టు వచ్చింది. తీపీ ఉప్పూ ఒకే ముక్కలో కలిసిన బిస్కెట్టది. ముంచినా విరగకుండా కప్పు నుంచి నోటి దాకా వస్తుంది.

తక్కిన తెలుగునాట విందు పళ్లెం ఎవరూ పుస్తకం చూడకుండానే కుదురుకుంది. ఆఫీసులో రిటైర్మెంటు సభైనా, కాలేజీలో వీడ్కోలైనా, ఇంట్లో పెళ్లిచూపులైనా, ఒక స్వీటు, ఒక హాటు, వాటి తర్వాత టీ గానీ కాఫీ గానీ. మైసూర్‌పాక్ ముక్క, గుప్పెడు కారప్పూస, కొన్ని చోట్ల అరటిపండు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు భోజనానికి ఆగరు, కాబట్టి కడుపు నింపే తిండి అక్కర్లేదు. సభలో నిలబడి తినాలి, కాబట్టి ఆకు పరిచేది అక్కర్లేదు. దొరల పళ్లేన్ని చూసి దింపినది కాదిది. ఆ ఇళ్లలో ఎదురైన అవసరాలే ఇక్కడా ఎదురయ్యాయి.

ఇవాళ ఇరవై మందిని నాలుగింటికి పిలిచేవాళ్లకు నేను చెప్పేది ఈ చరిత్రలోంచి తీసిందే. ఉప్పుగా ఒకటి, కారంగా ఒకటి, తీపిగా ఒకటి చాలు. కీర శాండ్‌విచ్‌లు పిలిచిన వేళకు గంట ముందు చేసి తడిబట్ట కప్పితే ఎండవు. చేగోడీలో కారప్పూసో ముందురోజే డబ్బాలో ఉంటాయి. తీపికి కొబ్బరి లౌజు చిన్న ముక్కలుగా కోసింది గానీ, సాదా స్పాంజ్ కేకు గానీ పెట్టొచ్చు. రెంటిలో ఒకటి చాలు. అప్పటికప్పుడు చేయాల్సింది టీ ఒక్కటే, అదీ రెండు విడతలుగా, మొదట వచ్చినవాళ్లకూ ఆలస్యంగా వచ్చినవాళ్లకూ. మిరపకాయ బజ్జీలు కావాలని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వాన పడుతుంటే కాదనడం కష్టమే. వేయదలచుకుంటే బాణలి దగ్గర నిలబడే మనిషి ఎవరో ముందే తేల్చుకోవాలి. ఆ మనిషి ఇంటి ఇల్లాలే అయితే, ఆమెను చూడటానికి వచ్చిన చుట్టాలకు ఆమె కనిపించదు. అటువంటప్పుడు బజ్జీలు మానేసి ఆమెను హాల్లో కూర్చోబెట్టమనే అంటాను.