పుల్లరి: పల్నాటి రైతు, అడవి

పల్నాడనగానే మనకు బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపోరు జ్ఞప్తికి వచ్చును. ఆ సీమ రైతు యింటి ముంగిట జరిగిన మరియొక పోరు కలదు. అది గడ్డికొరకును, కట్టెకొరకును జరిగినది. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుట యుచితమని తలచితిని.

నాగార్జునసాగరు కుడికాలువకు 1967లో నీరు విడువకమునుపు పల్నాడు వాననే నమ్ముకొన్న మెట్టసీమ. చెంతనే కృష్ణ పారుచున్నను నీరు లోతున, పొలము మిట్టన. వాన తప్పిన యేడు గాదె యడుగంటును. 1832-33లో వచ్చిన నందన కరువున గుంటూరు సీమయందు సుమారు 5 లక్షల జనములో లక్షన్నర మొదలు 2 లక్షల వరకు నశించిరని చెప్పుదురు. అట్టి చోట పైరు పోయినను పశువు దక్కినచో సంసారము నిలుచును. పశువు దక్కవలెనన్న అడవి కావలెను. నాగలి, కాడి, బండియిరుసు, కంచెకు ముండ్లకంప, పొయ్యిలోనికి ఎండుపుల్ల, అన్నియు ఆ అడవి యిచ్చినవే.

1882లో మద్రాసు అటవీచట్టము వచ్చెను. దొరతనమువారు హద్దురాళ్లు పాతించి అడవులను రిజర్వులు చేసిరి. రైలుదారులకు స్లీపరు కొయ్యలు, ఇంజనులకు కట్టెలు వారికి కావలసియుండెను. అడవి తరుగుచుండుటయు నిజమే. దానిని కాపాడవలెననుట తప్పని నేననను. అయితే ఆ కాపుదలలో గ్రామమునకు పాలు లేకపోయెను. గ్రామముల అవసరములకు వేరుగా వనములుండవలెనని అటవీశాఖ పెద్దయగు బ్రాండిసు దొర చెప్పినమాట కాగితములందే యుండెను.

ఇక పశువును అడవిలో మేపుటకు తలకింతయని పుల్లరి కట్టవలెను. కట్టక తోలినను, కట్టినవాని యెద్దు హద్దు దాటినను బందెలదొడ్డియే గతి. హద్దురాయి పశువునకేమి తెలియును? జుల్మానా, మేతఖర్చు చెల్లించి విడిపించుకొనవలెను. రూకలు పెద్దవి కాకపోవచ్చును, కాని దినములు పెద్దవి. తొలకరి పదునులో ఎద్దులు నాలుగుదినములు దొడ్డిలో నున్నచో, విడిపించుకొని వచ్చునప్పటికి పొలము ఆరిపోవును. ఆ యేటి దుక్కి తప్పినట్లే. గార్డుకు మామూలు ముట్టజెప్పినవాడు మాత్రము అదను దాటకుండ విత్తుకొనుచుండెను. వ్యవసాయము చేసినవారికి ఈ బాధ వివరింప నక్కరలేదు.

1913లో మద్రాసు ప్రభుత్వము ఒక అటవీ విచారణ సంఘమును నియమించెను. దాని సిఫారసుపై కొన్ని అడవులు గ్రామ పంచాయతులకు అప్పగింపబడెను గాని పల్నాటి బాధ తీరలేదు. 1921లో సహాయనిరాకరణోద్యమము రాగా అచటి రైతులు పుల్లరి కట్టమనిరి, పశువులను అడవికి తోలిరి. అధికారులకు చాకలి, మంగలి పనులు నిలిచినవి. అంగడి సరుకు దొరకదయ్యెను. పరిస్థితులను కనుగొనవచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెరసాల పాలైరి. మన బీరువాలో నలిగిపోయియున్న 'మాలపల్లి' నవలను ఆయన ఆ చెరలోనే వ్రాసిరని పాఠకులలో నెందరెరుగుదురో!

1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా దుర్ఘటన జరుగగా గాంధీజీ ఉద్యమమును నిలిపివేసిరి. ఆ మాసముననే, ఆ నిర్ణయమునకు పిమ్మట, మించాలపాడులో పశువులను పట్టుటకు వచ్చిన పోలీసుల కాల్పులలో ఆ యూరి నాయకుడు కన్నెగంటి హనుమంతు కూలెను. ఆ యేటి ఆగస్టులోనే మన్యమున అల్లూరి సీతారామరాజు పోరు మొదలయ్యెను. పోడుపై విధించిన నిర్బంధములు దానికి ముఖ్యకారణములలో నొకటి.

స్వరాజ్యము వచ్చిన చాలకాలమునకు, 1992 ప్రాంతమున, మన రాష్ట్రమున వనసంరక్షణ సమితులు వెలసినవి. 2006లో అటవీహక్కుల చట్టము వచ్చెను. అయితే గిరిజనేతరుడు ఆ హక్కు పొందవలెనన్నచో, తన కుటుంబము 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరములు, అనగా 75 ఏండ్లు, ఆ అడవినే ఆశ్రయించి నివసించినదని చూపవలెను. పుల్లరి కట్టినవాని యింట పాత రశీదైనను మిగిలియుండవచ్చును. కట్టనని నిలిచినవానికి అదియు లేదు.